నలభై కుదుపులు

కుట్టుమిషన్ల కొట్టు, వెనక గది
మంగళవారం పొద్దున

చెల్లీ,

నీకు శాంతి, నాకు కాస్త రక్తం కలుగుగాక.

ఫోను చేయొద్దు, ఉత్తరం రాయమని ఆజ్ఞ వేశావు. ఫోనులో నేను ఊపిరి తీసుకోననీ, నీకు మాట్లాడే సందివ్వననీ, కాగితమైతే ఎక్కడో ఒకచోట అయిపోక తప్పదనీ అన్నావు. నిన్ను క్షమించాను. కానీ చూడు, ఇప్పటికే అంచుల్లో కూడా రాస్తున్నాను.

సంగతేమిటంటే, నీ అన్న పాలిపోయాడు. అందరూ ఉరుము అని పిలిచే ఈ మనిషి మూడు నెలలుగా పిల్లికూతకు దిగాడు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. మిషను తల ఎత్తి బల్ల మీద పెట్టాలంటే మీ వదిన ఒక చెయ్యి వేయాల్సి వస్తోంది. పోయిన ఆదివారం ప్రసంగంలో, బూరలు ఊదగానే పట్టణపు గోడలు కూలే ఘట్టానికి వచ్చేసరికి నాకే ఊపిరి చాలక, గోడల్ని సగంలో వదిలేసి పాట అందుకోమన్నాను. ఆ గోడలు ఇంకా నిలబడే ఉన్నాయనుకుంటూ జనం ఇళ్లకు పోయారు.

డాక్టరమ్మ రక్తం తీసి చూసింది. పదమూడు ఉండాల్సిన హిమోగ్లోబిన్ ఏడు పాయింట్ నాలుగు ఉందట. మూత్రపిండాలు మందగించాయి కాబట్టి రక్తం తగ్గిందట. వారానికొక ఇంజెక్షను రాసింది. నర్సమ్మ వచ్చి మీ వదినకు సూది వేయడం నేర్పి, గడగడా ఏవో జాగ్రత్తలు చెప్పి, బస్సుకు వేళయిందని పరిగెత్తింది.

నాకు మింగుడుపడనిది ఒకటే. ముప్ఫై ఏళ్లుగా మిషన్లు బాగుచేస్తున్నాను. పెడలు చెడితే పెడలు ఆగుతుంది, మిషను మీది దీపం ఎందుకు ఆరుతుంది? మూత్రపిండం చెడితే రక్తం ఎందుకు తగ్గాలి? నువ్వు పొద్దస్తమానం గాజు గిన్నెల్లో ఎర్రకణాలను పెంచేదానివి కదా, నాకు అర్థమయ్యేట్టు రాయి.

తొందరెందుకంటే, ఇంకో ఆరు నెలల్లో మా కొత్త మందిరం తెరుస్తున్నాం. ఇరవై రెండేళ్లు అద్దె గోదాములో, సిమెంటు బస్తాల మధ్య తుమ్ముతూ దేవుణ్ణి స్తుతించాం. కొత్త గోడల మధ్య మొదటి ప్రసంగం నాదని ఎప్పుడో మాట ఇచ్చారు. ఇప్పుడు సంఘ పెద్దలు నలుగురూ వచ్చి, గంటసేపు నిలబడి చెప్పగలిగితేనే నువ్వు, లేకపోతే వాచీల ఆయన అన్నారు. వాచీలు బాగుచేసే ఆ సోదరుడు కూర్చుని మాట్లాడతాడు. సరిగ్గా పన్నెండు నిమిషాలు. మొదటి వరసకు తప్ప వినబడదు. వెనక వరసలు హాయిగా కునుకు తీస్తాయి, దాన్ని ఆయన ఆత్మీయ విశ్రాంతి అంటాడు. ఆ మాట కొత్త గోడలు మొదట వినాలా? నా కాళ్లు నిలబడాలి చెల్లీ. అంతే నేను అడిగేది.

మందంటే భయం లేదు. కాంపౌండరు పిల్లలం. సీసా నలభై సార్లు కుదపకుండా నాన్న ఒక్క చుక్క పోసేవాడా? గుణమంతా అడుగున పడుకుని ఉంటుంది, దాన్ని లేపాలి అనేవాడు. ఈ మందునూ లేపుతాం.

నీ
అన్న

పరిశోధనశాల, మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల
శనివారం

అన్నయ్యా,

ఉత్తరం అందింది. కవరు లోపలి వైపు కూడా రాశావు. అంటించేవాడు నాలిక ఎక్కడ పెట్టాలి?

నీ ప్రశ్న చాలా మంచిది. రక్తం తయారయ్యేది గుండెలో కాదు, మూత్రపిండంలో కాదు, ఎముకల లోపలి మూలుగలో. ఈ వాక్యం చదివేలోపు నీ ఎముకలు కోటి ఎర్రకణాల దాకా తయారుచేయాలి. ఒక్కో కణం నాలుగు నెలలు బతికి, తిరిగి తిరిగి అరిగిపోతుంది. అందుకే కొత్తవి వస్తూనే ఉండాలి. ఎన్ని కావాలో ఎముకకు తెలియదు. తెలిసేది మూత్రపిండానికి. అది పొద్దస్తమానం రక్తాన్ని రుచి చూస్తూ, ప్రాణవాయువు తగ్గిందనిపిస్తే ఒక హార్మోనును పంపుతుంది. అదొక కబురు. నీ మూత్రపిండం అలిసిపోయి కబురు పంపడం మానేసింది. డాక్టరమ్మ ఇచ్చేది ఆ కబురునే, సీసాలో పోసి.

ఇక నేను పనిచేసే చోటు. మూలుగలో ఎర్రకణం కాబోయే పిల్లకణాలుంటాయి. వాటి పొర మీద కబురు అందుకునే రిసెప్టర్లుంటాయి, తల బయటికీ తోక లోపలికీ పెట్టుకుని. హార్మోను కణంలోకి అడుగు పెట్టదు. బయటే నిలబడి ఒకేసారి రెండు రిసెప్టర్లను పట్టుకుని దగ్గరకు లాగుతుంది. పైన తలలు కలవగానే లోపల తోకలు మేలుకుంటాయి. అక్కణ్ణుంచి ఆ మాట చేతులు మారుతూ కణం నడిబొడ్డున ఉన్న కేంద్రకం దాకా వెళుతుంది. ఆ మాట ఏమిటో తెలుసా? చావకు, పెరుగు, ఎర్రబడు. ఆ మాట అందని పిల్లకణం ఎవరూ చంపకుండానే చచ్చిపోతుంది.

చివర్లో ఇంకో విడ్డూరం. కణం ఎర్రబడ్డాక తన కేంద్రకాన్నే బయటికి గెంటేస్తుంది. తన బుర్రను తానే పారేసి, ఆ చోటంతా ఊరందరి కోసం ప్రాణవాయువు మోయడానికి ఖాళీ చేసుకుంటుంది. నువ్వు దీన్ని ఆదివారం వాడుకుంటావని నాకు తెలుసు, వాడుకో.

మందు ఫ్రిజ్‌లోనే ఉంచండి. నర్సమ్మ గడగడా చెప్పినవన్నీ గుర్తుంచుకోండి. ఫలితం కనబడడానికి కొన్ని వారాలు పడుతుంది. నా పని బ్రహ్మాండంగా ఉంది, అందులో రాయాల్సినంత విశేషమేమీ లేదు.

నీ
చెల్లి

కుట్టుమిషన్ల కొట్టు, వెనక గది
సోమవారం

చెల్లీ,

నువ్వు రాసింది మూడుసార్లు చదివి, నాలుగోసారి లేచి నిలబడి చదివాను. ఇది సైన్సు కాదు, ఇది లేఖనం. ఎండిన ఎముకల లోయలో నిలబడి ప్రవక్త ఎవరితో మాట్లాడాడు? ఎముకలతో. ఎముకలకు చెవులుంటాయా అని ఇన్నేళ్లూ నన్ను ఆటపట్టించినవాళ్లకు ఇప్పుడు నీ ఉత్తరం చూపిస్తున్నాను. ఉంటాయి, వాటి పేరు రిసెప్టర్లు, పైన తల, కింద తోక అని.

ఆదివారం ఏం చేశానో విను. పాత కుట్టుమిషను తల ఒకటి మోయించి ప్రసంగ వేదిక మీద పెట్టించాను. సూది గుడ్డ దాటి కాస్త దిగుతుంది, అంతే, కింది లోకంలో దానికి కాపురం లేదు. కింద కొక్కెం తిరిగి దాని దారాన్ని పట్టుకోవాలి. రెండూ ఒకే క్షణంలో కలిస్తే కుట్టు పడుతుంది. కొక్కెం వెంట్రుకవాసి వెనకబడినా, సూది కాస్త వంగినా, వెయ్యిసార్లు తొక్కు, గుడ్డకు చిల్లులే తప్ప కుట్టు పడదు. హార్మోను బయట, తోకలు లోపల, మధ్యలో దారంలా ఆ మాట. జనం నోరెళ్లబెట్టారు. దర్జీలు ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు.

తన బుర్రను తానే పారేసుకునే కణం దగ్గరికి వచ్చేసరికి నాకు పట్టపగ్గాలు లేవు. నిన్ను నువ్వు ఖాళీ చేసుకుంటే తప్ప ఊరికి ఊపిరి మోయలేవు అని బల్ల గుద్దాను. అప్పుడు వాచీల ఆయన మొదటి వరసలోంచి మెత్తగా అడిగాడట, మన సోదరుడు ఆ పని ఎప్పుడో పూర్తి చేసినట్టున్నాడే అని. నాకు వినబడలేదు, మీ వదిన చెప్పింది. చెబుతూ నవ్వింది కూడా.

ఇంజెక్షన్లు క్రమం తప్పకుండా సాగుతున్నాయి. గుర్రంలా ఉన్నాను.

నీ
అన్న

(అమ్మాయ్, ఆయన కవరు అంటించమని నాకిచ్చారు, అందుకని ఈ నాలుగు ముక్కలు. బల్ల గుద్దిన తర్వాత సంగతి ఆయన రాయలేదు. గుద్దారు, అక్కడే పడిపోయారు. ఇద్దరు దర్జీలూ కళ్లు తుడుచుకున్నది అందుకే. ఇక్కడ గుర్రమూ లేదు, గాడిదా లేదు. ప్లీజ్ ఏదో ఒకటి చెయ్యి. మీ వదిన.)

పరిశోధనశాల, మూడో అంతస్తు
గురువారం, రెండో నెల చివర

అన్నయ్యా,

పడిపోయిన సంగతి వదిన చెప్పింది. రెండో పరీక్షలో ఏడు పాయింట్ మూడు వచ్చిన సంగతి కూడా. ఎనిమిది ఇంజెక్షన్ల తర్వాత పెరగాల్సింది తగ్గింది. నువ్వు మాత్రం పోస్టుకార్డు మీద "అంతా మేలే" అని రాశావు. నీ గ్రంథంలో అబద్ధం గురించి ఏమీ రాసిలేదా?

డాక్టరమ్మతో మాట్లాడాను. నీ ఒంట్లో ఇనుము సరిపడా ఉందట, ఎక్కడా రక్తం పోవడం లేదట. మందు వెళుతోంది, ఎముక వినడం లేదు. నీ రిసెప్టర్లకే చెవుడేమోనని ఆమె అనుమానం. వచ్చే నెలకూ ఇలాగే ఉంటే తుంటి ఎముకలోకి సూది దించి మూలుగ తీసి చూస్తారు, వేరేవాళ్ల రక్తం ఎక్కిస్తారు. అప్పుడు మందిరం మాట మరిచిపో, మంచం దిగనివ్వరు.

రిసెప్టర్లలో ఎన్ని రకాల తేడాలుంటాయో నాకు తెలుసు, అందుకే నాకు ఎక్కువ భయం. వినని రకం ఉండొచ్చు. దానికి పూర్తిగా ఎదురు రకమూ ఉంది. తోక చివర ఒక చిన్న ముక్క ఉంటుంది, దాని పనల్లా "ఇక చాలు" అనడం. ఆ ముక్క లేకుండా పుట్టే కుటుంబాలున్నాయి. హార్మోను ఒక్కసారి తడితే చాలు, ఆ కణాలు ఆ మాటను సాగదీసి సాగదీసి, రక్తం చిక్కబడేంతగా పెరిగిపోతాయి. మా పరిశోధనశాల పెద్దావిడ ఆ తోక బొమ్మ మొదటిసారి చూపించినప్పుడు నేను పకపకా నవ్వేశాను. ఎందుకని అడిగింది. మా అన్నయ్య ఆదివారాలు గుర్తొచ్చాయని చెప్పలేక దగ్గు అన్నాను.

నువ్వు దాచినవి బయటపడ్డాయి కాబట్టి నేను దాచింది కూడా చెబుతాను. నా పని బ్రహ్మాండంగా లేదు. నా గిన్నెల్లో కూడా కణాలు ఎర్రబడడం లేదు. అదే హార్మోను, అవే పిల్లకణాలు, పక్క బల్ల అక్క గిన్నెల్లో దానిమ్మ గింజల్లా ఉంటాయి, నా గిన్నెల్లో కడుగునీళ్లలా. రిసెప్టర్ మార్చాను, కణాలు మార్చాను, చివరికి కుర్చీ కూడా మార్చాను. నీ ఒళ్లూ నా గిన్నే ఒకే జబ్బు పడ్డట్టున్నాయి.

ఒక్క పని చేసిపెట్టు. ఇక్కడ ఏదైనా చెడితే మొదటి నుంచి చివరి దాకా చేసింది చేసినట్టు రాయిస్తారు. ఫ్రిజ్ తలుపు తెరవడం నుంచి సూది బయటికి తీయడం దాకా, నువ్వు చేసేదంతా రాయి. ఇది చెప్పేదేముందిలే అనిపించేది ముందు రాయి.

నీ
చెల్లి

కుట్టుమిషన్ల కొట్టు, వెనక గది
ఆదివారం మధ్యాహ్నం

చెల్లీ,

నా ఎముకలకు చెవుడని రాశావు. ఆ మాట చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. ఇన్నేళ్లుగా లోకానికి వినండి వినండి అని అరిచినవాడి సొంత ఎముకలు వినవా? ఇవాళ ప్రసంగానికి వెళ్లలేదు. వాచీల ఆయన చెప్పాడు. బాగానే చెప్పాడని మీ వదిన అంది. ఆమె నిద్రపోలేదట. అది నన్ను ఇంకా కుంగదీసింది.

పెద్దలు మళ్లీ వచ్చారు. వాళ్ల ముఖాల్లో జాలి చూశాను. నేను కోపాన్ని ఓర్చుకోగలను, జాలిని ఓర్చుకోలేను. వచ్చే నెల పరీక్ష చూసి తేల్చేస్తాం అన్నారు.

నువ్వడిగింది రాస్తున్నాను. ఒక్క అక్షరం దాచను.

శుక్రవారం పొద్దున ఆరున్నరకు మీ వదిన ఫ్రిజ్ తెరుస్తుంది. సీసా చిటికెన వేలంత ఉంటుంది, లోపల నీళ్లలాంటి మందు. నేను స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, గ్రంథం ముందు మోకాళ్లూనుతాను. సీసా కుడి అరచేతిలోకి తీసుకుని, చెయ్యి బారజాపి పైకెత్తుతాను. దేవుడు చేసిన కార్యాలు ఒక్కొక్కటే పేరుపెట్టి పిలుస్తాను. ఒక్కో కార్యానికి ఒక్కో కుదుపు. సముద్రం చీలింది, కుదుపు. బండలోంచి నీళ్లు దూకాయి, కుదుపు. సింహాల నోళ్లు మూతపడ్డాయి, కుదుపు. మెల్లగా కాదు, విశ్వాసంతో. భుజం దగ్గర్నుంచి. వరద నలభై రోజులు, అరణ్యం నలభై ఏళ్లు, నాన్న నలభై కుదుపులు. అన్నీ పూర్తయ్యేసరికి లోపల తెల్లగా నురగ లేస్తుంది. ఆ నురగ చూస్తే నా విశ్వాసమూ పొంగుతుంది. అది అణిగి మందు సూదిలోకి ఎక్కేదాకా మీ వదిన పావుగంట గొణుక్కుంటూ కూర్చుంటుంది. తర్వాత పొట్ట మీద సూది. అంతే.

ఇందులో తప్పు ఏముంది? ఏమీ లేదు. ఇంతకంటే భక్తిగా ఇంజెక్షను వేసుకున్నవాణ్ణి చూపించు.

నీ
అన్న

పరిశోధనశాల, మెట్ల మీద కూర్చుని
బుధవారం

అన్నయ్యా,

సీసా కింద పెట్టు. పెట్టావా? ఇప్పుడు చదువు.

నీ ఎముకలకు చెవుడు లేదు. కొక్కెం బాగుంది. సూది వంగింది. ప్రతి శుక్రవారం ఆరున్నరకు ఉతికిన చొక్కా వేసుకుని మరీ వంచుతున్నది నువ్వే.

హార్మోను అంటే పొడవాటి దారం ఒకటి ఒక పద్ధతిలో మడతలు పడి, ముడిచిన పిడికిలిలా ఉంటుంది. ఆ మడతలుంటేనే రెండు రిసెప్టర్లనూ ఒకేసారి పట్టుకోగలదు. గట్టిగా కుదిపితే గాలి కలుస్తుంది, నురగ లేస్తుంది, ఆ నురగ అంచున మడతలన్నీ విచ్చుకుపోతాయి. చూడడానికి అదే నీళ్లు. కబురు చిరిగిపోయింది. నీకు విశ్వాసం పొంగించిన ఆ నురగ ఉందే, అది మందు పోతూ పోతూ తీసిన చివరి ఊపిరి. సముద్రం చీలినప్పుడే సగం పోయి ఉంటుంది, సింహాల దాకా వచ్చేసరికి ఏమీ మిగిలుండదు.

నాకీ సంగతి చదువుకున్న రోజు నుంచీ తెలుసు. తెలిసే ఉండి ఏం చేశానో విను. బల్ల దగ్గర నిలబడి నీ ఉత్తరం చదువుతున్నాను. ఎడమ చేతిలో నీ కాగితం. సముద్రం చీలింది, కుదుపు. బండ, కుదుపు. నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది. పక్క బల్ల అక్క నా వంకే చూస్తోంది. అడిగింది, "ఆ గొట్టం నీకేం అపకారం చేసిందే?"

చూసుకుంటే నా కుడి చేతిలో నా హార్మోను గొట్టం. నీ లెక్క ప్రకారమే కుదుపుతున్నాను. మా పద్ధతుల కాగితంలో మెల్లగా కలపాలని రాసే ఉంది. మెల్లగా అంటే నేనేమనుకున్నాను? నలభై బదులు పన్నెండు. మన ఇంట్లో పుట్టినవాళ్లకు మెల్లగా అంటే అదే.

నేల మీద కూర్చుండిపోయి నవ్వాను. అక్క నీళ్లు తెచ్చింది. ఆ గ్లాసు కూడా కుదిపి తాగుతావా అని అడిగింది.

శుక్రవారం కొత్త సీసా తీసుకో. కుదపకు. ప్రార్థన నీ ఇష్టం, ఎంత పొడుగైనా చెయ్యి, చేతులు మాత్రం ఒళ్లో పెట్టుకుని.

నీ
చెల్లి

కుట్టుమిషన్ల కొట్టు, వెనక గది
శనివారం, నాలుగో నెల

చెల్లీ,

నీ ఉత్తరం చదివి ముందు మండిపడ్డాను. చనిపోయిన తండ్రిని తప్పుపట్టే కూతురు అనుకున్నాను. వెంటనే జవాబు రాసి నాలుగు పేజీలు నింపాను. వాటిని మీ వదిన పొయ్యిలో పెట్టింది.

తర్వాత మందు పెట్టెలో వచ్చిన కాగితం కోసం వెతికాను. ఎక్కడుందనుకున్నావు? గ్రంథంలో. ఎండిన ఎముకల లోయ దగ్గర గుర్తుకని మొదటి రోజే మడిచి పెట్టుకున్నాను. రెండు నెలలు ప్రతి శుక్రవారం దాని ముందే మోకాళ్లూని, దాని మీదుగానే సీసా ఊపాను. విప్పి చూస్తే ఐదో వరసలో, లావు అక్షరాల్లో, కుదపరాదు. నాకు తల కొట్టేసినట్టయింది. ఎముకల సంగతి ఎముకల దగ్గరే రాసిపెట్టి ఉంది, నేను దాన్ని పేజీ గుర్తుకు వాడుకున్నాను.

నాన్న మీద కోపం ఒక పూట ఉండి పోయింది. ఆయన కలిపే మందులు వేరు. అడుగున సుద్దలా పేరుకునేవి. ఆయన సీసాలు నిజంగానే నిద్రపోయేవి, ఆయన నిజంగానే లేపేవాడు. ఇది మొదటి నుంచీ మేలుకునే ఉన్న మందు. మేలుకున్నవాణ్ణి పట్టుకుని నలభై సార్లు లేపితే ఏమవుతాడు?

ఆ వారమే గోదాములో అందరి ముందూ ఒప్పుకున్నాను. స్తుతిస్తూ స్తుతిస్తూ ఎనిమిది సీసాల మందును హతమార్చానని చెప్పాను. తర్వాత వెనక బెంచీ విరిగింది, నవ్వలేక. వాచీల ఆయన మాత్రం నవ్వలేదు. దగ్గరకొచ్చి, వాచీని కూడా కొందరు ఆగిపోతే చెవి దగ్గర పెట్టుకుని ఊపుతారు, సగం రిపేర్లు వాటికే చేస్తాను అన్నాడు. ఆ మాట మొదటి వరసలో లేకపోయినా నాకు వినబడింది.

ఇప్పుడు శుక్రవారాలు ఇలా జరుగుతున్నాయి. సీసా రెండు అరచేతుల మధ్య, కోడిపిల్లను పట్టుకున్నట్టు. నలభై కార్యాలూ లోపలే చెప్పుకుంటాను. మొదటి వారం భుజం దానంతటదే ఎగిరింది. మీ వదిన పక్కన కూర్చుని నా మోచెయ్యి పట్టుకుంది. రెండో వారం కూడా పట్టుకుంది. మూడో వారం అవసరం లేకపోయినా పట్టుకుంది.

నిన్న పరీక్ష. ఎనిమిది పాయింట్ ఐదు. తుంటిలోకి సూది వద్దు, వేరేవాళ్ల రక్తమూ వద్దు అంది డాక్టరమ్మ. కాగితం తలకిందులుగా పట్టుకున్నానేమోనని తిప్పి చూశాను. తిప్పినా అంతే ఉంది. మిషను తల ఒక్కణ్ణే ఎత్తి బల్ల మీద పెట్టాను. దించి మళ్లీ పెట్టాను. మీ వదిన చాలు అనేదాకా పెట్టాను.

నా ఎముకలు విన్నాయి చెల్లీ. వినబడేట్టు చెబితే విన్నాయి.

నీ
అన్న

పరిశోధనశాల, మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల
శుక్రవారం

అన్నయ్యా,

కవరులో ఫొటో ఉంది, వంచకు. సన్నటి గాజు గొట్టం అడుగున ఎర్రటి చుక్క కనబడుతోందా? అవి నా కణాలు. గొట్టాన్ని గిర్రున తిప్పే యంత్రంలో పెట్టి తీస్తే అడుగున అలా చేరాయి. పన్నెండు కుదుపులు మానేసి, గొట్టాన్ని మెల్లగా రెండుసార్లు అటూ ఇటూ వంచానంతే. ఆరో రోజుకు గులాబీ, పదో రోజుకు ఎరుపు. పక్క బల్ల అక్క వచ్చి చూసి, తన కుర్చీ నాకిచ్చి వెళ్లింది.

మా పెద్దావిడ మూడు నెలలు ఏం జరిగిందో అందరి ముందూ చెప్పమంది. చెప్పాను. నాన్న సంగతీ, నీ శుక్రవారాలూ, సముద్రమూ, సింహాలూ అన్నీ. ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంటూ మీ కుటుంబంలో ఇంకెవరైనా ఇక్కడ ఉద్యోగానికి వస్తున్నారా అని అడిగింది. రావడం లేదని చెప్పి ధైర్యం కలిగించాను. ఇప్పుడు మా ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించారు, "ఇక్కడ ఉరుములు నిషేధం" అని. నీకు ఇక్కడ కూడా పేరొచ్చింది.

ఒక్క హెచ్చరిక. రక్తం పెరుగుతోంది కదా అని మోతాదు నీ అంతట నువ్వు పెంచకు. మరీ వేగంగా పెరిగితే గుండెకూ మెదడుకూ ప్రమాదం. డాక్టరమ్మ చాలు అన్నచోట ఆగాలి. రిసెప్టర్ తోకలో ఆ చివరి ముక్క గుర్తుందిగా? వినడం ఎంత ముఖ్యమో ఆపడమూ అంతే.

మందిరం రోజు నేను రాలేను, గిన్నెలు వదిలి కదలలేను. కానీ గంటసేపు నిలబడ్డావో లేదో వదిన రాయాలి. నువ్వు రాస్తే నమ్మను.

నీ
చెల్లి

కొత్త మందిరం, వెనక బెంచీ
ఆదివారం సాయంత్రం

చెల్లీ,

అందరూ వెళ్లాక ఇక్కడే కూర్చుని రాస్తున్నాను. గోడలకు ఇంకా సున్నం వాసన వస్తోంది.

శుక్రవారం పరీక్షలో పది పాయింట్ ఒకటి. డాక్టరమ్మ ఇక ఈ మోతాదు పెంచనంది. నేను అడగలేదు కూడా.

పొద్దున నిలబడ్డాను. సమయం చూడమని పెద్దలు వాచీల ఆయన్నే కూర్చోబెట్టారు. ఏం చెప్పాలో నెల క్రితమే నిర్ణయించుకున్నాను. అలిసిపోయి కొండ గుహలో దాక్కున్న ప్రవక్త. గాలి వచ్చింది, దేవుడు అందులో లేడు. నేల కంపించింది, అందులో లేడు. మంట వచ్చింది, అందులోనూ లేడు. ఆ తర్వాత వినీ వినబడనంత మెత్తటి మాట. ఈ ఘట్టం ఇరవై రెండేళ్లుగా చెబుతున్నాను చెల్లీ. మెత్తటి మాట దగ్గరికి రాగానే ప్రతిసారీ బల్ల గుద్ది అరిచి చెప్పాను.

ఇవాళ చేతులు జేబుల్లో పెట్టుకున్నాను. మాట్లాడుతుంటే వెనక వరసలు ముందుకు వంగడం కనబడింది. నన్ను వినడానికి మనుషులు వంగడం నేనెప్పుడూ చూడలేదు, ఎప్పుడూ వెనక్కి వాలేవాళ్లు. చెప్పాల్సింది చెప్పాను. గోడ గడియారం చూస్తే నలభై నిమిషాలే అయింది. ఇంకా ఉందా అని లోపల వెతుక్కున్నాను. లేదు. ఆగిపోయాను.

నేను ఆగడం ఎవరూ ఎన్నడూ ఎరగరు. మళ్లీ పడిపోతున్నాననుకుని ముగ్గురు నీళ్లతో పరిగెత్తుకొచ్చారు, ఒకాయన కుర్చీ కూడా తెచ్చాడు. వద్దని చెయ్యి ఊపాను, మెల్లగానే. గంట నిలబడతానని మాట ఇచ్చాను కదా. మిగతా ఇరవై నిమిషాలూ నిలబడే ఉన్నాను, మాట లేకుండా. మొదట జనం దగ్గారు, కదిలారు. తర్వాత ఒక్కొక్కళ్లే లేచి వాళ్లూ నిలబడ్డారు. చివరికి వాచీల ఆయన కూడా. ఏనాడూ నిలబడి ప్రసంగం వినని మనిషి. సమయం చూడడం మరిచిపోయాడట. కాబట్టి నేను గంట నిలబడ్డానో ఇంకా ఎక్కువో ఎవరికీ తెలియదు. మీ వదిన నిలబడ్డారనే రాస్తుంది, అడిగి చూడు.

ఆ ఇరవై నిమిషాలూ నా మోకాళ్లు వణకలేదు. అరచేయి ఛాతీ మీద పెట్టుకుంటే లోపల ఎవరో మిషను తొక్కుతున్నట్టే ఉంది, కుట్టు కుట్టుకూ దారం పడుతూ.

ఈ కాగితం ఇంకా సగం ఖాళీగా ఉంది. ఉండనీ.

నీ
అన్న